ఒడి ఆపలేని వేగం: చిన్నపిల్లలకు వెంట తీసుకెళ్లే కారు సీటును ఎంచుకోవడం

పుణె, మచిలీపట్నాలను కలిపే 65వ నంబరు జాతీయ రహదారిని జహీరాబాదు దగ్గర విడిచి, ఝరాసంగంలోని కేతకీ సంగమేశ్వర స్వామి ఆలయానికి వెళ్లే కార్లలో పసిపిల్లలతో ప్రయాణించే కుటుంబాలు ఎక్కువ. అమావాస్యలకు, శ్రావణ మాసంలో, మహాశివరాత్రికి తెలంగాణ నుంచే కాక పొరుగున ఉన్న కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా భక్తులు వస్తారు. వారిలో సొంత కార్లలో వచ్చేవారితో పాటు అద్దె కార్లలోను, బంధువుల కార్లలోను వచ్చేవారూ ఉంటారు. అలాంటి కార్లలో చంటిబిడ్డ చోటు దాదాపు ఎప్పుడూ తల్లి ఒడి, లేదా అమ్మమ్మ ఒడి. ఇక్కడే ఆలోచించవలసిన చిక్కుప్రశ్న ఒకటి ఉంది. నిండు బిందెను అవలీలగా చంకకెత్తుకోగల చేతులు, దానికంటే తేలికైన పది కిలోల బిడ్డను, కారు దేనికైనా ఢీకొన్న క్షణంలో ఎందుకు పట్టి ఉంచలేవు? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే, కారు నుంచి కారుకు మార్చుకోగల తేలికైన పిల్లల సీట్లలో ఏది బిడ్డను కాపాడుతుందో, ఏది కూర్చోబెట్టడానికి మాత్రమే పనికొస్తుందో తేల్చుకోవడం చాలా వరకు సులువవుతుంది.

చేతులు ఓడిపోయేది ఎక్కడ

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారులో ఉన్న ప్రతి వస్తువూ, ప్రతి మనిషీ అదే వేగంతో ముందుకు వెళ్తుంటారు. కారు చెట్టునో గోడనో గుద్దుకున్నప్పుడు దాని ముందు భాగం నలిగి, సెకనులో పదో వంతు అటూ ఇటూగా కారు నిలిచిపోతుంది. లోపలి మనిషిని మాత్రం ఏదో ఒకటి పట్టి ఆపేవరకు అతని వేగం తగ్గదు. బెల్టు ఆపితే బెల్టు, బెల్టు లేకపోతే ముందు సీటు, డ్యాష్‌బోర్డు, లేదా అద్దం. ఆ పదో వంతు సెకనులోనే బిడ్డను కూడా నిలపాలంటే, బిడ్డ బరువుకు సగటున 14 రెట్ల బలంతో పట్టి ఉంచాలి. పది కిలోల బిడ్డ విషయంలో అది 140 కిలోల బరువును చేతులతో అందుకోవడంతో సమానం. ఢీకొన్న తీరును బట్టి ఆ బలం మధ్యలో ఒక క్షణంపాటు ఇంతకు రెట్టింపు కూడా కావచ్చు. తల్లి చేతుల పట్టు ఎంత ప్రేమతో బిగిసినదైనా ఇంత బలానికి నిలవదు. కండరాలు ప్రమాదాన్ని గుర్తించి బిగుసుకునేలోపే అంతా అయిపోతుంది.

50 కిలోమీటర్ల వేగంలో తగిలే దెబ్బ సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ పైనుంచి కింద పడినప్పుడు తగిలే దెబ్బకు సమానం. వేగం పెరిగేకొద్దీ దెబ్బ అదే నిష్పత్తిలో పెరగదు, అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. రహదారి మీద మామూలుగా కనిపించే 80 కిలోమీటర్ల వేగంలో ఆ ఎత్తు 25 మీటర్లకు చేరుతుంది. ఊరి దగ్గరి ప్రయాణమే కదా, నెమ్మదిగానే వెళ్తున్నాం కదా అనే ధీమాకు ఈ లెక్కలో చోటు లేదు. ఎదురుగా వచ్చే లారీ వేగం కూడా దెబ్బలో కలుస్తుంది.

తల్లి తన బెల్టును తనకూ, ఒడిలోని బిడ్డకూ కలిపి పెట్టుకోవడం చాలామంది జాగ్రత్తగా భావించి చేసే పని. నిజానికి ఇది ఇంకా ప్రమాదకరం. ముందుకు తూలే తల్లి శరీరానికీ, బిగుసుకునే బెల్టుకూ మధ్య బిడ్డ చిక్కుకుంటుంది, తల్లి బరువు రెట్లకు రెట్లుగా పెరిగి ఆ చిన్న పొట్ట మీదా, ఛాతీ మీదా పడుతుంది.

పసిమెడ తట్టుకోలేని లాగుడు

పెద్దల బెల్టు పిల్లలకు ఎందుకు సరిపోదన్న ప్రశ్నకు సమాధానం పిల్లల శరీర నిర్మాణంలో ఉంది. పుట్టిన బిడ్డ పొడవులో తల దాదాపు నాలుగో వంతు ఉంటుంది, పెద్దలలో అది ఏడో వంతుకూ ఎనిమిదో వంతుకూ మధ్య ఉంటుంది. ఇంత బరువైన తలను మోసే మెడలోని వెన్నుపూసలు అప్పటికి పూర్తిగా ఎముకగా మారి ఉండవు. ఒక్కొక్క పూస మూడు ఎముక ముక్కలుగా ఉండి, వాటి మధ్య మృదులాస్థి, అంటే చెవి డొప్పలో ఉండేలాంటి మెత్తని పదార్థం ఉంటుంది. ఆ ముక్కలు అతుక్కుని ఒకే పూసగా గట్టిపడడానికి మూడు నుంచి ఆరేళ్లు పడుతుంది. ముందుకు ముఖం పెట్టి కూర్చున్న బిడ్డ మొండాన్ని పట్టీలు ఆపినా, తల ముందుకు విసురుగా సాగినప్పుడు ఆ లాగుడంతా మెడ మీదే పడుతుంది. మెత్తని వెన్నెముక సాగినంతగా లోపలి వెన్నుపాము సాగదు. బయటికి గాయమే కనిపించకుండా లోపల తీవ్రమైన హాని జరగడానికి కారణం ఇదే.

అందుకే చంటిబిడ్డను కారు వెనుక వైపుకు ముఖం ఉండేలా కూర్చోబెట్టాలి. అప్పుడు కారు ఆగగానే బిడ్డ వీపు, మెడ, తల మూడూ ఒకేసారి సీటు తొట్టిలోకి ఒత్తుకుంటాయి, దెబ్బ వీపంతా పరచుకుంటుంది, తలకూ మొండానికీ మధ్య లాగుడు ఉండదు. వ్యోమగాములు రాకెట్ వేగాన్ని వీపుతో తట్టుకునే తీరును అమెరికా జెమినీ అంతరిక్ష కార్యక్రమంలో గమనించిన స్వీడన్ వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ 1964లో ఇలాంటి సీటు నమూనాను వోల్వో కారులో పరీక్షకు తెచ్చాడు. స్వీడన్‌లో నాలుగేళ్ల వయసు దాకా పిల్లలను వెనక్కి తిప్పి కూర్చోబెట్టే అలవాటు అక్కడి నుంచే వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2013లో వచ్చిన ఆర్129 ప్రమాణం పదిహేను నెలలు నిండేవరకు వెనుక ముఖాన్ని తప్పనిసరి చేసింది. కాళ్లు మడుచుకోవలసి వస్తోందని బిడ్డను తొందరపడి ముందుకు తిప్పడం సరికాదు, కాళ్లు మడుచుకోవడం పిల్లలకు ఇబ్బందే కాదు.

పెట్టె: ముందు సీటు, ఎయిర్‌బ్యాగ్
వెనుక ముఖం సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎన్నడూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ కన్ను మూసి తెరిచేలోపు గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో విచ్చుకుంటుంది. డ్యాష్‌బోర్డుకు ఆనుకుని ఉన్న సీటు తొట్టి వెనుక భాగాన్ని, అంటే బిడ్డ తల ఆనుకున్న చోటునే, అది నేరుగా కొడుతుంది. పెద్దవారిని కాపాడే సాధనమే ఇక్కడ ప్రాణాంతకమవుతుంది. పిల్లల చోటు ఎప్పుడూ వెనుక సీటే.

బలం ప్రయాణించే దారి

పిల్లల సీటు పని బిడ్డను కూర్చోబెట్టడం అనుకుంటే, ఎంపిక తప్పుదారి పడుతుంది. దాని అసలు పని కారు ఇనుప చట్రం నుంచి బయలుదేరిన ఆపే బలాన్ని బిడ్డ శరీరంలో గట్టి ఎముకలున్న చోట్లకు, అంటే భుజాలకూ కటి ఎముకకూ, వీలైనంత నెమ్మదిగా అందజేయడం. ఆ బలం చట్రంలోని కొక్కెం నుంచి కారు బెల్టుకో, ఐసోఫిక్స్ అనే ఇనుప బిగింపుకో, అక్కడి నుంచి సీటు తొట్టికి, తొట్టి నుంచి ఐదు పట్టీల హార్నెస్‌కు, చివరికి బిడ్డకు చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ వదులున్నా, ఎక్కడ తెగినా మిగిలిన భాగాలు ఎంత గట్టివైనా లాభం లేదు. వదులు పలుపుతో కట్టిన దూడ పరుగెత్తినప్పుడు పలుపు ముగిసిన చోట మెడకు ఒక్కసారిగా తగిలే ఈడ్పు, పలుపు బిగువుగా ఉన్నప్పుడు తగలదు. పిల్లల సీటు బెల్టులోని నాలుగు వేళ్ల వదులు చేసే హాని కూడా ఆ ఈడ్పులాంటిదే.

వెంట తీసుకెళ్లే సీట్లను ఈ దారిని దృష్టిలో పెట్టుకునే చూడాలి. బరువు తగ్గించడానికి, మడతపెట్టడానికి తయారీదారు ఈ దారిలో ఏ భాగాన్ని తగ్గించాడన్నదే అడగవలసిన ప్రశ్న.

పుట్టినప్పటి నుంచి సుమారు 13 కిలోల దాకా పనికొచ్చే, చేతిపిడి ఉన్న క్యారియర్ సీటు వీటిలో అన్నిటికంటే నమ్మదగినది. ఇది ఎలాగూ వెనుక ముఖమే, కారు బెల్టుతోనే బిగించవచ్చు, బిడ్డ నిద్రపోతున్నా తీసి మరో కారులో పెట్టవచ్చు. అద్దె కారులో గుడికి వెళ్లే కుటుంబానికి మొదటి ఏడాదిలో ఇంతకంటే మంచి ఎంపిక లేదు. తర్వాతి వయసుకు మడిచి సంచీలో పెట్టుకోగల ఐదు పట్టీల సీట్లు దొరుకుతున్నాయి. వీటిలో గట్టి లోహపు చట్రం, లేదా గట్టి తొట్టి ఉండి, గుర్తింపు పొందిన పరీక్షలో నెగ్గినవి మంచివే. అయితే వీటిలో ఎక్కువ ముందు ముఖానికే తయారైనవి కాబట్టి, ఏడాది బిడ్డకు కొనడం తొందరపాటు.

తొట్టి గాని, చట్రం గాని లేకుండా దళసరి గుడ్డా, నురుగూ, పట్టీలూ మాత్రమే ఉండి, కారు సీటు వీపుకు చుట్టి కట్టే చవక పరికరాలను ‘పోర్టబుల్ కార్ సీట్’ పేరుతో ఆన్‌లైన్‌లో విరివిగా అమ్ముతున్నారు. వీటి గురించి మొహమాటం లేకుండా చెప్పవలసి ఉంది. పక్క నుంచి దెబ్బ తగిలితే తలకు అడ్డుపడేది వీటిలో ఏదీ లేదు. వీపుకు ఆసరా లేదు. కారు చట్రం వరకు బలం వెళ్లే దారి కూడా లేదు, ఉన్నదల్లా కారు సీటు నురుగును చుట్టిన పట్టీ. అవి బిడ్డను కదలకుండా ఉంచుతాయి గాని కాపాడవు. కాపాడుతున్నాయన్న భరోసా కలిగించడం వాటి వల్ల జరిగే మరో కీడు.

బూస్టర్ మరో రకం. ఇది పిల్లలను పట్టి ఉంచేది కాదు, పెద్దల బెల్టు పిల్లల ఒంటికి సరైన చోట ఆనేలా చేసేది. చిన్నపిల్లల కటి ఎముకకు ముందు వైపు ఉండే కొమ్ములు ఇంకా ఎదిగి ఉండవు కాబట్టి, నడుము బెల్టు తొడల మీద నిలవకుండా పొట్ట మీదికి జారి, లోపలి అవయవాలను నలిపేస్తుంది. పై బెల్టు భుజానికి బదులు మెడకు ఒరుసుకుంటుంది. పిల్లలు దాన్ని చంక కిందికి తోసేయడం అందరూ చూసేదే. బూస్టర్ పిల్లను పైకెత్తి గాని, బెల్టును కిందికి లాగి గాని దీన్ని సరిచేస్తుంది. గాలి నింపేవి, అరచేతి మందాన మడిచేవి ఈ జాతిలోనివే. తేలికగా ఉన్నాయని వీటిని రెండు మూడేళ్ల పిల్లలకు వాడడం పెద్ద పొరపాటు. వీపు లేని బూస్టర్లకు 2017 నుంచి ఐక్యరాజ్యసమితి నిబంధనల కింద కొత్తగా ఆమోదం ఇస్తున్నది 125 సెంటీమీటర్ల ఎత్తు, 22 కిలోల బరువు దాటిన పిల్లలకే. అంటే బడికి వెళ్లే పిల్లలకు.

అమెరికా సీటు, ఇక్కడి బెల్టు

అమెరికాలో పుట్టిన మనుమలు అమ్మమ్మ ఊరికి వచ్చినప్పుడు, అక్కడి సీటును విమానంలో వెంట తెచ్చుకోవడం తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. శంషాబాద్‌లో దిగి, అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా సంగారెడ్డి, జహీరాబాదు దారి పట్టే అద్దె కారులో ఆ సీటును బిగించేటప్పుడు చాలామంది గమనించని తేడా ఒకటుంది. అమెరికా కార్ల వెనుక బెల్టును చివరిదాకా బయటికి లాగి వదిలితే, అది టిక్ టిక్‌మంటూ లోపలికి మాత్రమే వెళ్తుంది, తిరిగి బయటికి రాదు. పిల్లల సీటు బిగువుగా నిలవడానికి ఆ తాళమే ఆధారం. మన దేశంలోని చాలా కార్లలో బెల్టుకు కుదుపు వచ్చినప్పుడు పడే తాళం ఒక్కటే ఉంటుంది. మామూలు వేళల్లో బెల్టు స్వేచ్ఛగా బయటికి వస్తూ ఉంటుంది. కాబట్టి హైదరాబాదులో గట్టిగా బిగించిన సీటు, మలుపుల్లోను, స్పీడ్ బ్రేకర్ల మీదా కొంచెం కొంచెంగా వదులై, జహీరాబాదు చేరేసరికి ఊగులాడుతూ ఉండవచ్చు.

దీనికి పరిష్కారాలు ఉన్నాయి. సీటులోనే బెల్టును నొక్కి పట్టే గట్టి క్లిప్పు ఉందో లేదో చూడాలి. లేకపోతే బెల్టు రెండు భాగాలనూ కలిపి పట్టే హెచ్ ఆకారపు లోహపు క్లిప్పును వాడాలి. కొన్ని అమెరికా సీట్లతో పాటే అది వస్తుంది, సూచనల పుస్తకంలో వాడే తీరు ఉంటుంది. కారుకు ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటే, అమెరికా సీటు కింది పట్టీల కొక్కేలు సాధారణంగా వాటికి పడతాయి. వెనుక సీటు వీపుకూ కూర్చునే భాగానికీ మధ్య సందులో, 28 సెంటీమీటర్ల ఎడంలో ఉండే రెండు ఇనుప కడ్డీలే ఐసోఫిక్స్.

ఇక్కడే కొన్న క్యారియర్లకు మరో చిక్కు ఉంది. వాటిలో చాలా వాటికి కారు పై బెల్టును తొట్టి వెనుకగా చుట్టి తేవాలి. అందుకు పొడవైన బెల్టు కావాలి, చిన్న హ్యాచ్‌బ్యాక్ కార్ల వెనుక బెల్టు ఒక్కోసారి బకిల్ దాకా అందదు. పాత కార్ల వెనుక సీటు నడిమి చోటులో నడుము బెల్టు మాత్రమే ఉంటుంది, మూడు కొసల బెల్టు కోరే సీటును అక్కడ కట్టరాదు.

పెట్టె: రెండు చిన్న పరీక్షలు
సీటును బిగించాక, బెల్టు దూరిన చోట పట్టుకుని పక్కలకూ, ముందుకూ కదిపి చూడాలి. రెండున్నర సెంటీమీటర్లకు మించి కదిలితే బిగింపు చాలదు. మోకాలితో సీటును అదిమి, అప్పుడు బెల్టును లాగితే బిగువు వస్తుంది. తర్వాత బిడ్డకు పట్టీలు బిగించి, భుజం దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య గిల్లి చూడాలి. మడత చేతికి దొరికితే ఇంకా వదులున్నట్టే. వెనుక ముఖంలో పట్టీలు భుజాల ఎత్తులో గాని కొంచెం కిందుగా గాని, ముందు ముఖంలో భుజాల ఎత్తులో గాని కొంచెం పైగా గాని మొదలవ్వాలి. దళసరి ఊలు చొక్కా, దుప్పటి పట్టీల కింద ఉండకూడదు. చలి వేస్తే దుప్పటిని పట్టీల పైన కప్పాలి.

ముద్ర, వయసు, చరిత్ర

మంచి సీటు మీద పరీక్షలో నెగ్గినట్టు తెలిపే ముద్ర తప్పక ఉంటుంది. నారింజ రంగు పట్టీ మీద వలయంలో ఇ అక్షరం, పక్కన దేశం అంకె, ఆర్44 లేదా ఆర్129 అన్న సూచన ఐక్యరాజ్యసమితి ప్రమాణానికి గుర్తు. పాతదైన ఆర్44 బిడ్డ బరువును బట్టి, కొత్తదైన ఆర్129 ప్రధానంగా ఎత్తును బట్టి సీటును వర్గీకరిస్తాయి. పక్క నుంచి తగిలే దెబ్బకు పరీక్ష ఉన్నది కొత్తదానిలోనే. కాబట్టి రెండూ దొరికితే కొత్తదే మేలు. మన దేశపు ప్రమాణం పేరు ఏఐఎస్-072. ముద్ర లేని సీటు ఎంత అందంగా ఉన్నా కొనకూడదు.

ఉయ్యాల, తొట్టెలు, చిన్నచొక్కాలు అక్కబిడ్డ నుంచి చెల్లిబిడ్డకు చేరడం మన ఇళ్లలో ఆనవాయితీ. కారు సీటు విషయంలో మాత్రం ఆ ఆనవాయితీకి హద్దు పెట్టుకోవాలి. ఒకసారి ప్రమాదానికి గురైన సీటు ప్లాస్టిక్‌లో కంటికి కనబడని పగుళ్లు ఉండవచ్చు. ఏళ్ల తరబడి ఎండలో నిలిచిన కార్లలో వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. తొట్టి అడుగున అచ్చు వేసిన తయారీ తేదీ చూసి, చరిత్ర పూర్తిగా తెలిసిన సీటునే ఇంట్లోవారి నుంచి తీసుకోవాలి. ముక్కూ మొహం తెలియని వారి నుంచి పాత సీటు కొనడం వద్దు.

నిద్ర, ఎండ

నెలల బిడ్డ తలను నిటారుగా నిలపలేదు. సీటు మరీ నిలువుగా ఉంటే గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి దారి ఇరుకవుతుంది. అందువల్ల అప్పుడే పుట్టిన బిడ్డకు సీటు సుమారు 45 డిగ్రీల వాలులో ఉండాలి. రెండు గంటలకొకసారి ఆపి బిడ్డను బయటికి తీసి, ఇంటికి చేరాక నిద్రను క్యారియర్‌లో కాక పడక మీదే కొనసాగించాలి. మన వేసవిలో మరో జాగ్రత్త ఉంది. ఎండలో నిలిపిన మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది, పిల్లల ఒళ్లు పెద్దల కంటే మూడు నుంచి ఐదు రెట్ల వేగంగా వేడెక్కుతుంది. దర్శనానికి వెళ్లేటప్పుడు ‘నిద్ర చెడుతుంది, కారులోనే ఉండనీ’ అన్న మాట ఎవరి నోటా రాకూడదు. తిరిగొచ్చాక బకిల్ లోహాన్ని చేత్తో తాకి చూసిన తర్వాతే బిడ్డను కూర్చోబెట్టాలి.

చట్టం, వీలుకాని ప్రయాణాలు

2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణలోని 194బి సెక్షను ప్రకారం, పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టుతో గాని, పిల్లల సీటుతో గాని కట్టకుండా వాహనం నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. 2023లో మొదలైన, కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో, ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల బొమ్మలను వెనుక సీటులో పెట్టి, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారును ఢీకొట్టిస్తున్నారు. ఆ బొమ్మలు కూర్చునేది పిల్లల సీట్లలో. కారుకు వచ్చిన నక్షత్రాలు ఒడిలో కూర్చున్న బిడ్డకు వర్తించవు. సరిగా బిగించిన సీటు కార్లలో శిశువుల మరణాలను 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలను 54 శాతం తగ్గిస్తుందని అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ లెక్క. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 16,715 మంది బెల్టు పెట్టుకోనివారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. బెల్టులను పట్టించుకోని అలవాటు ఎంత లోతుగా పాతుకుందో ఈ అంకె చూపుతుంది.

బిడ్డ ఏడుస్తుందన్నది సీటుకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం. అది నిజమైన కష్టమే. ఇంట్లో ఓ రెండు రోజులు సీటును నేల మీద పెట్టి ఆడనిచ్చి, మొదటి ప్రయాణాలను ఊళ్లోనే చిన్నవిగా ఉంచి, పక్కన తల్లి కూర్చుంటే చాలామంది పిల్లలు అలవాటు పడతారు. షేర్ ఆటోలో మాత్రం సీటు పనికిరాదు, కట్టడానికి అక్కడ బెల్టే ఉండదు. సీటు దొరకని రోజున చంటిబిడ్డతో అద్దె కారు కంటే ఆర్టీసీ బస్సే నయం. చిన్న వాహనం ఢీకొన్నప్పుడు బరువైన బస్సు వేగం అంతగా మారదు కాబట్టి, లోపలివారికి తగిలే కుదుపు తక్కువ. మూడు నాలుగేళ్లు దాటి స్థిరంగా కూర్చోగల పిల్లకు, సీటు లేకపోయినా, వెనుక సీటులో సొంతంగా ఒక బెల్టు ఉండడం ఒడి కంటే మేలు.

కొనేటప్పుడు రంగు, మెత్తదనం, మడత సౌకర్యం చివర చూడవలసినవి. ముందుగా బిడ్డ బరువు, ఎత్తు రాసుకుని, వీలైతే ఎక్కువగా వాడే కారునే దుకాణం ముందుకు తీసుకెళ్లి, ముద్ర చూసి, సీటును అక్కడే బిగించి, బిడ్డను కూర్చోబెట్టి, పై రెండు పరీక్షలూ చేయాలి. తరచూ అద్దె కార్లు వాడేవారు ఐసోఫిక్స్‌తోను, మామూలు బెల్టుతోను రెండు విధాలా బిగించగల సీటునే ఎంచుకోవాలి, ఇంట్లో ఇద్దరైనా దాన్ని పుస్తకం చూడకుండా బిగించడం నేర్చుకోవాలి. కారులో పెట్టి చూడనివ్వని దుకాణంలో, తిరిగి తీసుకోనని చెప్పే చోట, పిల్లల సీటు కొనవద్దు.